చైనా అంతర్యుద్ధం: 43 లక్షల సైన్యం మూడున్నరేళ్ళలో ఎలా కరిగిపోయింది?

పాతపేపర్ల పిచ్చోడు | శనివారం రాత్రి 9:40

మన దగ్గర దీనికి రెండే జవాబులు చెలామణీలో ఉన్నాయి. ఎర్రజెండా అభిమానుల్ని అడిగితే "మావో మేధస్సు, రైతుల త్యాగం" అంటారు. అవతలివాళ్ళని అడిగితే "చియాంగ్ కై షేక్ బావమరుదులు దేశాన్ని దోచుకుతిన్నారు" అంటారు. రెండిట్లోనూ నిజం ఉంది, కానీ లెక్క తేలదు.

1946 మధ్యలో పరిస్థితి చూడండి. చియాంగ్ నడిపిన జాతీయవాద పార్టీ కొమింటాంగ్ చేతిలో సుమారు 43 లక్షల సైన్యం, అమెరికా ఆయుధాలు, విమానాలు, దాదాపు పెద్ద నగరాలన్నీ, భద్రతామండలిలో శాశ్వత స్థానం. కమ్యూనిస్టులకు 12, 13 లక్షల మంది, చెప్పుకోదగ్గ వైమానిక దళం లేదు. 1947 మార్చిలో వాళ్ళ రాజధాని యెనాన్ కూడా చేజారింది. అలాంటిది 1949 అక్టోబరు 1న మావో బీజింగ్‌లో కొత్త రాజ్యాన్ని ప్రకటించాడు. డిసెంబరు 10న చియాంగ్ చెంగ్డూలో విమానమెక్కి తైవాన్ వెళ్ళిపోయాడు. మళ్ళీ చైనా ప్రధాన భూభాగం మీద కాలు పెట్టలేదు.

ఇంతకీ ఆయన ఓడింది ఎక్కడ? యుద్ధభూమిలోనా, పల్లెల్లోనా, బ్యాంకులోనా? చదివినవాళ్ళు చెప్పండి. తిట్లు మాత్రం వద్దు.

---

గోదారి గట్టు | శనివారం రాత్రి 10:15

1946 నుంచి మొదలుపెడితే సగం కథ జారిపోతుందండీ. ఈ రెండు పార్టీలూ ఒకప్పుడు ఒకే కప్పు కింద కాపురం చేసినవే.

1923లో కొమింటాంగ్ స్థాపకుడు సన్ యట్ సెన్ సోవియట్ ప్రతినిధి యోఫేతో ఒప్పందానికొచ్చాడు. 1924 జనవరిలో గ్వాంగ్‌జౌలో కొమింటాంగ్ మొదటి మహాసభ జరిగింది. కమ్యూనిస్టులు తమ పార్టీలో ఉంటూనే వ్యక్తులుగా ఇందులో చేరారు. సాక్షాత్తూ మావో కొమింటాంగ్ కేంద్ర కార్యవర్గానికి ప్రత్యామ్నాయ సభ్యుడు! ఆ ఏడాదే వాంపోవా సైనిక అకాడమీ పెట్టారు. దానికి అధిపతి చియాంగ్. కొద్దికాలానికే రాజకీయ విభాగం కమ్యూనిస్టు నేత చౌ ఎన్ లై చేతికొచ్చింది. లిన్ బియావో అక్కడి విద్యార్థి. తర్వాత కమ్యూనిస్టు సేనానిగా, 1948లో ఈశాన్య చైనాలోని మంచూరియాలో గురువుగారి మేలిరకం సైన్యాన్ని మట్టి కరిపించింది ఆ శిష్యుడే.

1925లో సన్ యట్ సెన్ పోయాడు. 1926 జూలైలో ఉత్తర దండయాత్ర మొదలైంది, సేనాధిపతుల రాజ్యాలు ఒక్కొక్కటీ కూలాయి. 1927 మార్చిలో షాంఘై కార్మిక సంఘాలు తిరగబడి నగరాన్ని చేజిక్కించుకుని కొమింటాంగ్ సైన్యానికి స్వాగతం పలికాయి. ఏప్రిల్ 12 తెల్లవారుజామున ఆ సంఘాల మీదే చియాంగ్ చేయించిన దాడి. డు యుషెంగ్ అనే నల్లమందు సామ్రాట్టు, అతని గ్రీన్ గ్యాంగ్ రౌడీలు, వెనకాల సైన్యం. కార్మికుల్ని, కమ్యూనిస్టుల్ని పట్టుకుని చంపారు.

ఇక్కడ మనవాడొకడు వస్తాడు. వుహాన్‌లో వాంగ్ చింగ్ వెయ్ నాయకత్వంలో కొమింటాంగ్ వామపక్షం ఇంకా కమ్యూనిస్టులతో కలిసే ఉంది. అక్కడ కామింటర్న్ (మాస్కో నుంచి నడిచే అంతర్జాతీయ కమ్యూనిస్టు సంస్థ) ప్రతినిధి మన బెంగాలీ ఎం.ఎన్. రాయ్. భూములు లాక్కోండి, సొంత సైన్యం కట్టుకోండి అని స్టాలిన్ పంపిన రహస్య టెలిగ్రాంను రాయ్ నేరుగా వాంగ్‌కే చూపించాడు! నమ్మకం పెరుగుతుందనుకున్నాడు కాబోలు. జూలైకల్లా వుహాన్ కూడా కమ్యూనిస్టుల్ని గెంటేసింది. ఆగస్టు 1న నాన్‌చాంగ్‌లో తిరుగుబాటు. చైనా సైన్యం పుట్టినరోజు ఇప్పటికీ అదే.

ఆ ఏడాది తర్వాత ఒకర్నొకరు నమ్మే ప్రసక్తే లేదు. 1945లో మావో, చియాంగ్ యుద్ధకాలపు రాజధాని చోంగ్‌చింగ్‌లో గ్లాసులు ఎత్తుకుని ఫొటోలు దిగారే, అప్పుడు ఇద్దరి మనసులోనూ ఉన్నది 1927.

---

ఎర్రబస్సు | శనివారం రాత్రి 10:22

రాయ్ గారు చేసింది, ఇప్పటి లెక్కలో, మన గ్రూపు స్క్రీన్‌షాట్ తీసి అవతలి గ్రూపులో పెట్టడం. 🙏

---

ఓరుగల్లు పోరడు | శనివారం రాత్రి 11:05

గట్టన్నా, చరిత్ర మంచిగ చెప్పినవ్. కానీ నాకైతే అసలు సంగతి ఊర్లల్లనే ఉన్నదనిపిస్తది.

1946 మే 4న కమ్యూనిస్టు పార్టీ ఆదేశమిచ్చింది, 1947 అక్టోబర్ల భూమి చట్టమే తెచ్చింది. దొరల భూములు గుంజి పంచుడు షురూ. భూమి చేతికొచ్చినోనికి ఒక్కటి ఎరుకైతది: కొమింటాంగోళ్ళు మర్లొస్తే దొర మర్లొస్తడు, భూమి పోతది, పాణం గూడ పోతది. ఇగ వాడు ఎటు దిక్కు నిలబడ్తడు?

హువైహై యుద్ధం చూడుర్రి. 1948 నవంబర్ కెల్లి 1949 జనవరి దాంక. కమ్యూనిస్టు సైన్యానికి వెనుక 50 లక్షల పైచిలుకు జనం ధాన్యం, మందుగుండు మోసిన్రు. తోపుడు బండ్ల మీద, కావళ్ళ మీద, చలికాలంల. ఈ గెలుపును రైతులు తోపుడు బండ్ల మీద తోలుకొచ్చిన్రని చెన్ యి అనే సేనాని తర్వాత చెప్పిండు. అవుతల కొమింటాంగ్ల సంగతేంది? ఊర్లమీద పడి పోరగాండ్లను పట్టుకొచ్చుడు, పారిపోకుంట తాళ్ళతోని కట్టి నడిపించుడు. లేని సిపాయిల పేర్లు రాసి ఆఫీసర్లు జీతాలు మింగుడు. ఆ 43 లక్షలల్ల నిజంగ కొట్లాడేటోళ్ళు ఎంతమందో ముందుగాల గది లెక్కతియ్యాలె.

---

చల్లగాలి | ఆదివారం ఉదయం 7:30

పోరడు తమ్ముడూ, తోపుడు బండ్లు సరే. చాంగ్‌చున్ సంగతి కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

మంచూరియాలో చాంగ్‌చున్ నగరాన్ని లిన్ బియావో సైన్యం 1948 మే నుంచి అక్టోబరు దాకా చుట్టుముట్టింది. కోట బద్దలు కొట్టలేదు, గింజ లోపలికి పోకుండా చేశారంతే. లోపల కొమింటాంగ్ సేనాని జెంగ్ డొంగ్‌గువో. విమానాల్లోంచి జారవిడిచిన తిండి సైన్యానికే పోయేది. నోళ్ళు తగ్గుతాయని లోపలివాళ్ళు జనాన్ని బయటికి తోశారు, తిరిగి రానివ్వలేదు. బయటున్న ముట్టడిదారులేమో వాళ్ళు వెళ్ళిపోతే లోపలి సైన్యానికి బరువు తగ్గుతుందని దాటనివ్వలేదు. రెండు కంచెల మధ్య ఆ ఖాళీ నేల మీద ఆడవాళ్ళు, పిల్లలు గడ్డి, చెట్ల బెరడు తింటూ నెలల తరబడి పడి ఉన్నారు. ఎంతమంది చచ్చిపోయారన్నదానికి అంచనాలు రకరకాలు. తక్కువ వేసినవాళ్ళు కూడా లక్ష దగ్గర మొదలుపెడతారు.

చివరికి యున్నాన్ నుంచి వచ్చిన 60వ సైన్యం ఫిరాయించింది. వాళ్ళది దక్షిణాది దళం, చియాంగ్ సొంత దళాలకిచ్చిన తిండీ ఆయుధాలూ వాళ్ళకి ఇచ్చేవారు కాదు. అక్టోబరు 19కి నగరం పడింది. తుపాకీ పెద్దగా పేలకుండా గెలిచిన నగరమని కొన్నిచోట్ల రాసుకున్నారు. చదివితే ఒళ్ళు మండింది.

భూమి పంపకంలోనూ కొట్టి చంపడాలు జరిగాయి, చిన్న కమతాల వాళ్ళని కూడా దొరల కింద జమకట్టారు. హద్దు దాటారని పార్టీయే తర్వాత పగ్గాలు బిగించింది.

---

లెక్కల మాస్టారు | ఆదివారం ఉదయం 9:10

పిచ్చోడు గారు బ్యాంకు మాటెత్తారు, నేను ఆగలేను. నా ఉద్దేశంలో కొమింటాంగ్ ఓడింది నోట్ల ముద్రణాలయంలోనే. రైతులు దానికి మొదటినుంచీ దూరమే. జీతగాళ్ళు, దుకాణదారులు, మేష్టర్లు, గుమాస్తాలు, అంటే దాని సొంత మనుషులు, వాళ్ళని అది చేజేతులా పోగొట్టుకుంది.

మొదటి దెబ్బ 1945లో. జపాన్ పోయాక ఆక్రమిత ప్రాంతాల్లో కీలుబొమ్మ ప్రభుత్వం నోట్లు మార్చాలి. రేటు ఎంత పెట్టారో తెలుసా? ఆ నోట్లు 200 ఇస్తే కొమింటాంగ్ నోటు 1. షాంఘై, నాన్‌జింగ్‌లలో ఎనిమిదేళ్ళు జపాన్ కింద నలిగినవాళ్ళ దాచుకున్న డబ్బు ఒక్క ఉత్తర్వుతో మూలపడింది. చోంగ్‌చింగ్ నుంచి వచ్చిన అధికారులు తమ నోట్లతో, కారుచౌకగా, ఇళ్ళు కార్లు కొనేశారు. స్వాతంత్ర్యం వచ్చిందని టపాసులు కాల్చిన జనం కొద్దినెలల్లోనే ముఖం తిప్పుకున్నారు.

రెండో దెబ్బ 1948 ఆగస్టు 19. పాత నోటు ఎందుకూ కొరగాకుండా పోయింది కాబట్టి "బంగారు యువాన్" అని కొత్తది తెచ్చారు. 30 లక్షల పాత యువాన్లకి ఒక్క కొత్త యువాన్. 200 కోట్లకి మించి ముద్రించబోమని ప్రమాణం. దాంతోపాటు హుకుం: ఇంట్లో ఉన్న బంగారం, వెండి, డాలర్లు సెప్టెంబరు 30లోగా బ్యాంకుకి అప్పజెప్పాలి, లేకపోతే జప్తు, జైలు. నిజాయితీగా బతికే మధ్యతరగతి వాడు భయపడి పెళ్ళాం గాజులు తీసుకెళ్ళి ఇచ్చాడు. పెద్దవాళ్ళది హాంకాంగ్ చేరింది.

షాంఘైలో దీన్ని అమలు చేయడానికి వచ్చినవాడు చియాంగ్ కొడుకు చింగ్ కువో. నిజానికి కుర్రాడు గట్టివాడే. ధరలు కట్టేశాడు, దొంగ సరుకు పట్టాడు, ఆ డు యుషెంగ్ కొడుకునే లోపలేశాడు. తర్వాత యాంగ్జీ కంపెనీ గోదాముల మీద చెయ్యి వేశాడు. అది డేవిడ్ కుంగ్‌ది, అంటే చియాంగ్ భార్య అక్క కొడుకుది. పిన్నిగారు కల్పించుకున్నారు, కేసు అక్కడితో ఆగింది. అక్టోబరుకల్లా దుకాణాల్లో బియ్యం లేదు. కట్టేసిన ధరకి అమ్మేవాడెవడు? నవంబరు మొదట్లో చింగ్ కువో తప్పుకున్నాడు, ప్రమాణం గాలికి పోయింది, ముద్రణ మళ్ళీ వరదలెత్తింది.

డిసెంబరులో ఒక్కొక్కరికి కొంచెం బంగారం తిరిగి అమ్ముతామన్నారు. షాంఘై నదీతీరాన బ్యాంకు ముందు తెల్లవారకుండానే జనం. కార్టియే బ్రెస్సాన్ అనే ఫ్రెంచి ఆయన తీసిన ఫొటో ఉంది, దొరికితే చూడండి. ముందువాడి నడుము వెనకవాడు కావలించుకుని, గోడకి అదుముకుపోయి, ఊపిరాడక నోళ్ళు తెరిచిన మొహాలు. తొక్కిసలాటలో ప్రాణాలు పోయాయి. ఆ వరసలో రైతులు లేరు. కోట్లు వేసుకున్నవాళ్ళు, టోపీలు పెట్టుకున్నవాళ్ళు. చియాంగ్‌కి ఓటేయాల్సినవాళ్ళు.

ఆ గాజుల బంగారం చాలావరకు చివరికి ఓడలెక్కి తైవాన్ చేరింది.

---

డాలస్ బాబాయ్ | ఆదివారం మధ్యాహ్నం 12:25

మాస్టారూ, బాగా చెప్పారు. కానీ నోట్లు ఎందుకు ముద్రించాల్సొచ్చిందో అది వదిలేశారు. 1937లో జపాన్ దాడి చేసింది. షాంఘైలో మూడు నెలలు ఎదురొడ్డి చియాంగ్ తన జర్మన్ శిక్షణ పొందిన మెరికల్లాంటి దళాల్ని పోగొట్టుకున్నాడు. కస్టమ్స్ రాబడి అంతా తీరంలోనే, అదీ పోయింది. సిచువాన్ కొండల్లో కూర్చుని ఎనిమిదేళ్ళు యుద్ధం చేయాలంటే ఇంక దారేముంది, నోట్లే. 1944లో జపాన్ వాళ్ళ ఇచిగో దాడిలో మళ్ళీ లక్షల సైన్యం గుల్ల. ఈలోగా కమ్యూనిస్టులు జపాన్ లైన్ల వెనక పల్లెల్లో పాతుకున్నారు. వాళ్ళూ పోరాడలేదని నేననను, కానీ పెద్ద యుద్ధాల భారం మోసింది ఎవరో సైన్యం నష్టాలు చూస్తే తెలుస్తుంది.

తర్వాత మంచూరియా. 1945 ఆగస్టులో సోవియట్ సైన్యం దిగింది. జపాన్ వదిలేసిన ఆయుధాలు లిన్ బియావోకి అందాయి. 1946 జూన్‌లో చియాంగ్ సైన్యం తరుముతూ పోతుంటే అమెరికా దూత మార్షల్ కాల్పుల విరమణ అన్నాడు. ఉత్తర మంచూరియాలోని హార్బిన్ నగరం కమ్యూనిస్టులకే మిగిలిపోయింది. ఆ వేసవి నుంచి దాదాపు పది నెలలు అమెరికా ఆయుధాల అమ్మకం కూడా ఆపేసింది. దోస్తు చేసిన నిర్వాకం అది.

---

గోదారి గట్టు | ఆదివారం మధ్యాహ్నం 1:50

బాబాయ్, జపాన్ సంగతి ఒప్పుకోవాల్సిందే. కానీ 1938 జూన్‌లో జపాన్‌ని ఆపడానికని హువాయువాన్‌కౌ దగ్గర పసుపు నది గట్టు తెంపించింది చియాంగ్ కదా. మునిగింది హెనాన్, అన్‌హుయ్, జియాంగ్సు ఊళ్ళు, ముందుగా చెప్పను కూడా లేదు. 1942, 43లో అదే హెనాన్‌లో కరువొస్తే సైన్యానికని ధాన్యం పన్ను వసూలు చేస్తూనే ఉన్నారు. 1944లో జపాన్ వాళ్ళు వచ్చినప్పుడు పారిపోతున్న సొంత సైనికుల తుపాకులు ఆ రైతులే లాక్కున్నారు.

రష్యా విషయం మీరన్నంత తిన్నగా లేదు. 1945 ఆగస్టులో స్టాలిన్ సంతకం చేసింది చియాంగ్ ప్రభుత్వంతో. మంచూరియా కర్మాగారాల యంత్రాలు ఊడదీసి పట్టుకుపోయాడు. 1949లో ప్రభుత్వం గ్వాంగ్‌జౌకి పారిపోతే వెంట వెళ్ళిన రాయబారి ఎవరనుకున్నారు? సోవియట్ రాయబారి. అమెరికా రాయబారి స్టూవర్ట్ పాత రాజధాని నాన్‌జింగ్‌లోనే ఉండిపోయాడు, కమ్యూనిస్టులతో మాట్లాడొచ్చని.

---

కాఫీ హోటల్ కబుర్లు | ఆదివారం సాయంత్రం 4:05

అందరూ గూఢచారుల్ని మర్చిపోయారు. యెనాన్‌ని పట్టిన సేనాని హు జొంగ్‌నాన్ ఆంతరంగిక కార్యదర్శి షియొంగ్ షియాంగ్‌హుయ్ కమ్యూనిస్టు. దాడి పథకం ముందే మావోకి చేరిపోయింది, వాళ్ళు ఊరు ఖాళీ చేసి కూర్చున్నారు. రక్షణ శాఖలో యుద్ధ పథకాలు గీసే గువో రుగుయ్ కూడా వాళ్ళ మనిషే. బీజింగ్‌లో కొమింటాంగ్ సేనాని ఫు జొయి మనసు కరిగించిన వాళ్ళలో సొంత కూతురు! 1949 జనవరిలో ఆయన నగరాన్ని అప్పగించాడు, ప్యాలెస్‌లు చెక్కుచెదరలేదు.

ఇంతమంది ఒక పక్కకే జారుతున్నారంటే డబ్బుకి అమ్ముడుపోయారని చెప్పి ఊరుకోలేం. చదువుకున్న పిల్లలు అటు మొగ్గారు.

---

పెన్నా ఒడ్డు | ఆదివారం సాయంత్రం 6:40

ఇద్దరి గొడవలో మూడోవాళ్ళని ఎవరూ తలవడంలేదు. నాకు ఈ చరిత్రలో అసలు బాధ కలిగించేది వాళ్ళ కథే.

1946 జనవరిలో చోంగ్‌చింగ్‌లో అఖిలపక్ష సమావేశం జరిగింది. మొత్తం 38 మంది: కొమింటాంగ్ 8, కమ్యూనిస్టులు 7, యువజన పార్టీ 5, డెమోక్రటిక్ లీగ్ 9, ఏ పార్టీకీ చెందనివాళ్ళు 9. రెండు పెద్ద పార్టీలు పోను మిగతావాళ్ళు ప్రొఫెసర్లు, పత్రికలవాళ్ళు, పరిశ్రమల యజమానులు. వీళ్ళ చేతిలో ఒక్క తుపాకీ లేదు. రాజ్యాంగం, మంత్రివర్గం, సైన్యాన్ని పార్టీల నుంచి విడదీయడం, అన్నిటిమీదా ఒప్పందం కుదిర్చారు. కొద్ది నెలల్లో రెండు పక్షాలూ దాన్ని అటకెక్కించాయి. ఆ జూలైలో కున్‌మింగ్‌లో లీగ్ నాయకుడు, కవి వెన్ యిదువోని నడివీధిలో కాల్చి చంపారు. నాలుగురోజుల ముందు హత్యకి గురైన సహచరుడి సంతాపసభలో మాట్లాడి ఇంటికి పోతున్నాడు. 1947 అక్టోబరులో లీగ్‌నే చట్టవిరుద్ధం చేశారు. అంటే మధ్యలో నిలబడ్డవాళ్ళని కొమింటాంగే చేయిపట్టి అటువైపు దిగబెట్టింది.

షాంఘైలో ఛూ ఆన్ పింగ్ "గ్వాన్‌చా" అనే వారపత్రిక నడిపేవాడు. కాపీలు లక్ష దాటాయి. 1947లోనే ఆయన రాసిన ముక్క తాత్పర్యం ఇది: కొమింటాంగ్ పాలనలో స్వేచ్ఛ ఎక్కువా తక్కువా అన్నదే ప్రశ్న, కమ్యూనిస్టులు వస్తే ఉంటుందా ఉండదా అన్నది ప్రశ్న. ఇంత తెలిసినవాడూ పారిపోలేదు. 1948 డిసెంబరులో కొమింటాంగ్ ఆయన పత్రిక మూసేసింది. 1957లో, విమర్శించమని కమ్యూనిస్టు పార్టీయే అడిగింది కదా అని, దేశమంతా పార్టీ సొంత ఆస్తిలా అయిపోయిందని విమర్శిస్తే మితవాది ముద్ర కొట్టారు. 1966లో కనబడకుండా పోయాడు. ఏమయ్యాడో ఇప్పటికీ తెలియదు, ఆ ముద్ర ఇప్పటికీ తీయలేదు.

మాస్టారు చెప్పిన వరసలో నిలబడ్డ మధ్యతరగతికి గొంతు వీళ్ళే. వీళ్ళని పోగొట్టుకున్నాక కొమింటాంగ్‌కి నగరాల్లో పోలీసులు తప్ప ఎవరు మిగిలారు?

---

కొత్తగా చేరాను | ఆదివారం రాత్రి 8:15

పెద్దలకి నమస్కారం. సరిగ్గా అదే సమయంలో తెలంగాణ సాయుధ పోరాటం జరిగింది కదా, దానికీ దీనికీ నిజంగా సంబంధం ఉందా, లేక తర్వాత అతికించిందా?

---

ఓరుగల్లు పోరడు | ఆదివారం రాత్రి 8:50

ఉన్నది తమ్మీ. కానీ మొదలు పెట్టింది చైనాను చూసి కాదు. వెట్టిచాకిరి, దొరల గడీలు, లెవీ ధాన్యం, ఇవి మన బాధలు. 1948ల కమ్యూనిస్టు పార్టీ ఆంధ్ర కమిటీ ఒక పత్రం రాసింది: మావో చెప్పిన నూతన ప్రజాస్వామ్యం తొవ్వనే మనకు సరిపోతదని. అప్పటికి మావో ఇంక గెలువలే! పార్టీ కేంద్రంల ప్రధాన కార్యదర్శి రణదివే ఒప్పుకోలే, పత్రికల మావోనే విమర్శించిండు.

---

గోదారి గట్టు | ఆదివారం రాత్రి 9:20

పోరడు గారి మాటకి కొనసాగింపు. 1950 జనవరిలో మాస్కో మాట వినిపించే కమ్యూనిస్టు పార్టీల సంస్థ కామిన్‌ఫార్మ్ పత్రిక చైనా బాటని మెచ్చుకుంటూ రాసేసరికి రణదివే దిగిపోయాడు, చండ్ర రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1951 మొదట్లో ఆయన, మాకినేని బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ కలిసి మాస్కో వెళ్ళి స్టాలిన్‌ని కలిశారు. స్టాలిన్ అన్నదాని సారాంశం: చైనా వాళ్ళకి సిద్ధంగా సైన్యం ఉంది, మంచూరియా చేరాక వెనక సోవియట్ సరిహద్దు ఉంది, మీకు రెండూ లేవు, పైగా మీ దేశంలో రైళ్ళు ఎక్కువ. అక్టోబరులో పోరాటం విరమించారు. మావో గెలుపులో భౌగోళికం పాలెంతో స్టాలిన్‌కి మనకన్నా బాగా తెలుసు.

---

నిర్వాహకులు | ఆదివారం రాత్రి 9:45

గల్వాన్ మీద, రాబోయే ఎన్నికల మీద వచ్చిన వ్యాఖ్యలు తీసేశాం. వాటికి వేరే చర్చలున్నాయి.

---

పాతపేపర్ల పిచ్చోడు | ఆదివారం రాత్రి 10:30

అందరికీ దండాలు. ఒక్క మెలిక మిగిలింది. ఇదే కొమింటాంగ్, ఇదే చియాంగ్, తైవాన్ వెళ్ళాక 1949లో కౌలు పంటలో 37.5 శాతానికి మించకూడదన్నారు, 1953లో దున్నేవాడికి భూమి ఇచ్చేశారు, నోటుని అదుపులో పెట్టారు. అక్కడ చేతనైంది చైనాలో ఎందుకు చేతకాలేదు?

---

లెక్కల మాస్టారు | ఆదివారం రాత్రి 11:00

తైవాన్ భూస్వాములు పార్టీవాళ్ళ చుట్టాలు కారు కనక. ఇంకొకరి భూమి పంచడం ఎప్పుడూ తేలికే. పైగా 1947 ఫిబ్రవరి 28 తర్వాత జరిగిన మారణకాండతో అక్కడ నోరెత్తే పెద్దమనిషి మిగల్లేదు. 1949 మే నుంచి 1987 జూలై దాకా సైనిక శాసనమే.

ఇంకోటి చెప్పనా, ఆ 37.5 శాతం తైవాన్‌లో పుట్టింది కాదు. కొమింటాంగ్ 1930లో చేసిన భూచట్టంలోనే ఉంది. ప్రధాన భూభాగం కోసం రాసిందే.

---

డాలస్ బాబాయ్ | ఆదివారం రాత్రి 11:20

1930 చట్టం అమలుకి ఏడేళ్ళు కూడా దొరకలేదు మాస్టారూ, 1931లోనే జపాన్ మంచూరియా మింగింది.

---

ఓరుగల్లు పోరడు | ఆదివారం రాత్రి 11:24

మంచూరియా పోతే హునాన్ల కౌలు తగ్గించనీకి ఏం అడ్డమొచ్చింది బాబాయ్? జపానోడు పటేల్‌గిరి చేసిండా?

---

డాలస్ బాబాయ్ | ఆదివారం రాత్రి 11:31

అందులో 1930 నుంచి 1934 దాకా జియాంగ్షిలో మీ ఎర్రసైన్యం మీద ఐదు దండయాత్రలు చేయడానికే సరిపోయాయి. ఇక్కడ పొద్దున్నే, పనికి పోవాలి, సాయంత్రం వచ్చి షియాన్ సంగతి, అదే 1936లో చియాంగ్‌ని సొంత సేనానులే బంధించిన సంగతి, రాస్తాను.

---

ఎర్రబస్సు | ఆదివారం రాత్రి 11:33

డాలస్‌లో ఇప్పుడు మధ్యాహ్నం కదా బాబాయ్, అదీ ఆదివారం…